దగ్గర ఊరి పెద్ద

మా పెద్దంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం భోజనం ముగించి అప్పుడే సీట్లోకి వచ్చాను. కంపెనీలకు మళ్ళీ మంచి రోజులొచ్చాయి. ఇండియా నుంచి సింగపూర్‌కి కొత్త పిల్లలు దిగుతున్నారు, నా వెనక కుర్చీల్లో వాళ్ళు ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఆంటీ గొంతు మామూలుగానే ఉంది. "పొద్దున టీ తాగారు. పేపరు చదివారు. కాసేపు కళ్ళు మూసుకుంటానన్నారు. అంతే అమ్మాయ్," అంది. వెంటనే బయల్దేరతానంటే, "పని చూసుకునే రా. ఇప్పుడింక తొందరేముంది," అని తనే పెట్టేసింది.

ఆయన నాకు చుట్టం కాదు. పాస్టరూ కాదు. జురాంగ్ వెస్ట్‌లోని తన ఫ్లాటులో శనివారం మధ్యాహ్నాలు తెలుగు క్రైస్తవుల చిన్న కూటం నడిపేవారు. ఆ కూటానికి సంఘ పెద్ద. వయసులోనూ అందరికంటే పెద్ద కాబట్టి పెద్దంకుల్ అయ్యారు. ఆయన తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు వచ్చిన మనిషి. ఈయన సింగపూర్‌లోనే పుట్టి, ఇక్కడి బడిలో జాగ్రఫీ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. తెలుగు మాత్రం వాళ్ళమ్మ ఒడిలో కూర్చుని నేర్చుకున్నారట. మా అమ్మమ్మతోనే పోయాయనుకున్న తెలుగు మాటలూ, ఇక్కడి మలయ్ మాటలూ, మాట చివర ఇక్కడివాళ్ళు తగిలించే 'లా'నూ ఆయన నోట్లో పక్కపక్కన ఉండేవి.

నేను ప్రోగ్రామర్‌గా వచ్చిన కొత్తలో టాంపినీస్‌లో స్నేహితురాళ్ళతో ఉండేదాన్ని. మొదటి శనివారం ద్వీపం ఈ చివర రైలెక్కి ఆ చివర దిగాను. స్టేషన్ గేటు దగ్గర మడత గొడుగు పట్టుకుని పొడుగాటి పెద్దమనిషి నిలబడి ఉన్నారు.

"నరసరావుపేట అమ్మాయివి నువ్వేనా? మకాన్ అయిందా?"

మకాన్ అంటే నాకు తెలిసింది హిందీలో ఇల్లు. "ఇంకా లేదంకుల్. ఫ్రెండ్స్‌తో సర్దుకుంటున్నాను," అన్నాను.

ఆయన నవ్వు ఆపుకోవడానికి గొడుగు వైపు చూసుకున్నారు. "తిండి తల్లీ. ఇక్కడ మకాన్ అంటే తిండి. ఇల్లు నిదానంగా దొరుకుతుంది లా, ముందు రా, అన్నం తిందువుగాని."

ఎవరు కొత్తగా వచ్చినా ఆయన స్టేషన్‌కి వెళ్ళి తీసుకొచ్చేవారు. దారి చెబితే మేమే రాగలమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఇంట్లో అందరూ కూర్చునేదాకా నిలబడే ఉండేవారు. భోజనంలో చివరి విస్తరి ఆయనదే. ఎవరైనా బాధ చెప్పుకోవడం మొదలుపెడితే కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకునేవారు. "జోడు తీస్తే నాకు మనుషులు బాగా వినపడతారు," అనేవారు. అది ఛలోక్తి అని చాలాకాలం అనుకున్నాను. చూపు మసకయితే మనసు ఎటూ పోదని ఆయన ఉద్దేశం.

మేమందరం అప్పుడు ఇరవైల్లో ఉన్నాం. ప్రార్థనలన్నీ వీసాల కోసం, ప్రమోషన్ల కోసం, అమెరికా ప్రాజెక్టుల కోసం. అలాంటి మాకు ఆయన ఎంచుకున్న పాఠం ప్రాచీన ఇశ్రాయేలీయుల గోత్ర పెద్దల బాధ్యతలు. నెలల తరబడి అదే చెప్పారు. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ చూసే ప్రసాద్ మాలో చొరవ ఎక్కువ ఉన్నవాడు. ఒకరోజు అడిగేశాడు.

"అంకుల్, ఏదన్నా కొంచెం ఎంకరేజింగ్ టాపిక్ తీసుకుందామా? ఈ పెద్దల లిస్టులు మాకెందుకు?"

"మీరంతా రేపో మాపో టీమ్ లీడర్లవుతారు కదయ్యా," అన్నారాయన. "మీ కింద పనిచేసేవాళ్ళ కోసం చెబుతున్నాను."

జాగ్రఫీ మాస్టారు కాబట్టి ముందు బోర్డు మీద నది గీసేవారు, తర్వాత ఉప్పు సముద్రం, తర్వాత ఒక్కో గోత్రానికి వచ్చిన నేల. గోత్రానికొక పెద్ద. యుద్ధమైతే తన మనుషుల ముందు నడవాలి. జనాన్ని లెక్కపెట్టేటప్పుడు పక్కన నిలబడి వీళ్ళు నావాళ్ళని చెప్పాలి. భూమి పంచేటప్పుడు చీట్లు వేసేచోట తన గోత్రం తరఫున ఉండాలి. మోసపోయి మాటిచ్చినా సరే, ఇచ్చిన మాట నిలబెట్టాలి. ఊరి వాకిట్లో కూర్చుని తగవులు వినాలి. తండ్రి పోయి, అన్నదమ్ములు లేని అక్కచెల్లెళ్ళు అయిదుగురు వచ్చి మా నాన్న వాటా మాకెందుకు రాదని అడిగితే, పెద్దలందరూ నిలబడి ఆ ఆడపిల్లల మాట పూర్తిగా విన్నారని చెప్పి నా వైపు చూశారు. నేను అప్పటిదాకా ఆ కూటంలో నోరు విప్పి ఎరగను.

ఒక అధ్యాయంలో పన్నెండు మంది పెద్దలు కానుకలు తెస్తారు. పన్నెండు మందీ తెచ్చినవి ఒకటే, అయినా ఆ పళ్ళేలూ గిన్నెలూ ప్రతి పేరు కిందా మొదటినుంచీ మళ్ళీ రాసి ఉంటాయి. చదవడానికి విసుగు. ప్రసాద్ మొదటి పేరు చదివి, "మిగతావాళ్ళవి కూడా సేమ్ అంకుల్," అని పుస్తకం మూశాడు.

"చదువు బాబూ," అన్నారాయన.

"అన్నీ రిపీట్ అవుతున్నాయి అంకుల్."

"నువ్వు ఇంటినుంచి మోసుకొచ్చిన దాన్ని ఎవరైనా 'మిగతావాళ్ళలాగే' అని రాస్తే నీకెలా ఉంటుంది? ఒక్కొక్కడి పేరూ చదువు."

చివరిదాకా చదివించారు. ఆంటీ వంటింట్లోంచి రెండుసార్లు తొంగిచూసింది.

తర్వాత గడ్డురోజులు వచ్చాయి. అమెరికాలో కంపెనీలు మూతపడితే ఇక్కడ కుర్చీలు ఖాళీ అయ్యాయి. మా కూటంలోనూ ఉద్యోగాలు పోయాయి. ఒక శనివారం ప్రార్థన చేస్తున్న అమ్మాయి, ఉద్యోగాలు పోగొట్టుకున్న వారందరినీ జ్ఞాపకం చేసుకోమని అంటూ ఉండగా ఆయన మెల్లగా ఆపి, "పేర్లు చెప్పమ్మా," అన్నారు. ఆ అమ్మాయి పేర్లు చెప్పింది. తన పేరు విన్నప్పుడు సుధాకర్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు.

ఆ సుధాకర్‌ది ఇంకో సంగతి. ఒకే ఫ్లాటులో ఉంటున్న ఇద్దరు స్నేహితులకు పని పోయింది. సుధాకర్‌కి ఇంటర్వ్యూ పిలుపు ఇంటి ఫోనుకి వస్తే, రెండోవాడు తీసి, ఆ మాట ఇతనికి చెప్పకుండా అదే ఉద్యోగానికి తను వెళ్ళాడు. ఇద్దరూ పెద్దంకుల్ దగ్గరికొచ్చారు. ఆయన కళ్ళజోడు జేబులో పెట్టుకుని ఇద్దరి మాటా విన్నారు. వినడమే సగం తీర్పు అనేవారు. రెండోవాడిది తప్పని, అది సుధాకర్ ముందూ ఆ కంపెనీవాళ్ళ ముందూ ఒప్పుకోవాలని చెప్పారు. అతను తలూపి వెళ్ళాడు. మరుసటి వారానికి ఎవరికీ చెప్పకుండా ఇండియా వెళ్ళిపోయాడు, మళ్ళీ ఎవరికీ కనపడలేదు. తర్వాత ఒకసారి ఆయన నాతో అన్నారు, "తీర్పు సరిగ్గానే చెప్పాను. మనిషి పోయాడు." అప్పటినుంచి కొన్నాళ్ళు ఆయన పాఠాల్లో వెనకటి పట్టు కనపడలేదు.

సింహాచలం చనిపోయింది ఆ వానాకాలంలోనే.

శనివారం మేం చేరేసరికి ఇంట్లో పాటలు లేవు. సోఫాలో ముదురు నీలం చొక్కా వేసుకున్న చైనీస్ సూపర్‌వైజర్ కూర్చుని ఉన్నాడు. జురాంగ్ ఐలాండ్‌లో వెల్డింగ్ పనిచేసే కుర్రాడొకడు ముందురోజు తెల్లవారుజామున పెద్ద కాలువలో శవమై తేలాడు. కాలు జారాడో, మరేమైనా జరిగిందో ఎవరికీ తెలియదు. ఇంటివాళ్ళకి చెబుదామంటే ఇంగ్లీషు రాదు. కింద కిరాణా కొట్టువాణ్ణి అడిగితే, తెలుగు మాట్లాడే సార్ పైన ఉన్నారని పంపాడు. సూపర్‌వైజర్ టీపాయ్ మీద కుర్రాడి వర్క్ పర్మిట్ కార్డు పెట్టాడు. పెద్దంకుల్ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు ఫోటో చూశారు. తర్వాత, "ఇతని పేరు సింహాచలమా," అన్నారు. ఎవర్నీ అడిగినట్టు లేదు.

ఫోన్ శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరికి. పక్కింటి ఫోను. తల్లిని పిలుచుకొచ్చేదాకా ఆయన నిలబడే ఉన్నారు. సంగతి చెప్పారు. అటునుంచి వచ్చిన ఏడుపు గదిలో ఉన్న మాకందరికీ వినపడింది. ఆయన ఫోను పెట్టేయలేదు. చాలాసేపటికి ఆవిడ మాట దొరకబుచ్చుకుని అడిగింది.

"ఆకరికి ఏటి తిన్నాడు బాబూ? కడుపుకి తిన్నాడేటి?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. తిన్నాడని ఒక్క మాట అనేస్తే పోయేది. నేనైతే అనేసేదాన్ని.

"నాకు తెలియదమ్మా," అన్నారు. "నేను కనుక్కోలేదు. ఇక్కణ్ణుంచి మీ అబ్బాయిని నేను పంపిస్తాను. పెట్టె కదిలేదాకా పక్కనే ఉంటాను."

సూపర్‌వైజర్ వెళ్ళిపోయాక పెద్దంకుల్ బోర్డు దగ్గరికి వెళ్ళారు గానీ ఏమీ గీయలేదు. గోత్ర పెద్దల మీద అదే ఆయన చివరి పాఠం.

ఇశ్రాయేలీయుల్లో ఒక విధి ఉండేదన్నారు. పొలంలో ఎవడో చచ్చి పడి ఉంటాడు. చంపిందెవరో తెలియదు. అప్పుడు పెద్దలు వచ్చి, ఆ శవం నుంచి చుట్టుపక్కల ఊళ్ళకి దూరం కొలవాలి. ఏ ఊరు దగ్గరయితే ఆ ఊరి పెద్దలు పూచీ పడాలి. కాడి ఎరగని పెయ్యను, దున్నని లోయలో పారే నీటి దగ్గరికి తోలుకెళ్ళి మెడ విరవాలి. దాని మీద చేతులు కడుక్కుని, ఈ రక్తం మా చేతులు చిందించలేదు, మా కళ్ళు చూడలేదు అని చెప్పాలి.

"మనకేం సంబంధం అంకుల్?" అన్నాడు ప్రసాద్. దురుసుగా అనలేదు, భయపడినట్టు అన్నాడు. "కంపెనీ వాళ్ళు చూసుకుంటారు కదా. అతను మన చర్చి కూడా కాదు."

"ఎంత దూరమో కొలవమన్నారు బాబూ. ఎవరివాడో కొలవమనలేదు," అన్నారు. "ఆ కాలువకి మన బ్లాకే దగ్గర."

ఆ తర్వాత మాటలు ఆయన బోర్డు వైపు తిరిగి చెప్పారు. ఆ కుర్రాడు శనివారాలు మా బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీగా వదిలేసే వాయిడ్ డెక్‌లో సిమెంటు బల్ల దగ్గర కూర్చునేవాడట. పైనుంచి తెలుగు పాట వినపడుతుందని వచ్చేవాడు. ఆయన మమ్మల్ని స్టేషన్ నుంచి తెస్తూ చూశారు. ఒకసారి పైకి రమ్మని పిలిచారు. "బట్టలు మురికిగా ఉన్నాయండి, ఇంకోసారి వస్తాను," అన్నాడు. కూటానికి వేళైంది. ఆయన లిఫ్టు బటను నొక్కారు.

"తర్వాత కూడా చూశాను. చెయ్యి ఊపేవాడు, నేనూ ఊపేవాణ్ణి. మీ అందరి చేతా పన్నెండు పేర్లు చదివించాను. అతని పేరు నేను అడగలేదు. మా కళ్ళు చూడలేదు అని ఆ పెద్దలు అనాలి. నేను ఆ మాట అనలేను. నా కళ్ళు చూశాయి."

ఆంటీ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ఆ రోజు ప్రార్థన ఎవరు ముగించారో గుర్తులేదు.

పోస్టుమార్టం అయ్యేదాకా రోజూ మార్చురీకి వెళ్ళారు. పెట్టె విమానాశ్రయంలో సరుకుల వైపు వెళ్ళేదాకా పక్కనే నిలబడ్డారు. నేనూ ప్రసాదూ తోడు వెళ్ళాం. చివర్లో పెట్టె మీద అంటించిన పేరులో ఒక అక్షరం తప్పుందని చూసి, వాళ్ళతో పోట్లాడి దిద్దించింది ప్రసాదే.

ఆ తర్వాతి శనివారం మేం వెళ్ళేసరికి పెద్దంకుల్ కింద వాయిడ్ డెక్‌లో, ఆ సిమెంటు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఇకమీదట కూటం ఇక్కడేనని చెప్పారు. పెద్దలు కూర్చోవలసింది ఊరి వాకిట్లో, తను నాలుగో అంతస్తులో తలుపేసుకుని కూర్చున్నానని అన్నారు. అది అందరికీ నచ్చలేదు. కింద బస్సుల మోత, పిల్లల సైకిళ్ళు, ఉక్కపోత. లారీల్లోంచి దిగి చెమట బట్టలతో వచ్చే పనివాళ్ళ పక్కన కూర్చోవడం కొందరికి ఇబ్బందయింది. వాళ్ళలో చాలామంది హిందువులు, పాటలు పాడరు. ఊరి ఫోను గురించి, చేతికి తగిలిన దెబ్బ గురించి చెప్పుకుంటారు. మాలో సగం మంది విడిపోయి టాంపినీస్ వైపు ఏసీ గది తీసుకుని వేరే కూటం పెట్టుకున్నారు. ఆయన వాళ్ళని ఒక్క మాట అనలేదు. వాళ్ళ క్రిస్మస్‌కి పిలిస్తే వెళ్ళి చివరి వరసలో కూర్చుని వచ్చారు.

ఆయన మునుపటి మనిషి కాలేదు. నవ్వు తగ్గింది. బోర్డు మళ్ళీ కిందికి తేలేదు. వచ్చిన ప్రతివాణ్ణి ముందు పేరు అడిగేవారు, తర్వాత తండ్రి పేరు, తర్వాత ఊరు. జ్వరమంటే క్లినిక్‌కి తీసుకెళ్ళేవారు. సూపర్‌వైజర్‌తో చెప్పుకోలేని మాట ఉంటే తను వెళ్ళి ఇంగ్లీషులో చెప్పేవారు. అన్నిసార్లూ పని జరగలేదు. దెబ్బ తగిలినవాణ్ణి ఊరికి పంపేస్తుంటే ఆపలేక, బల్ల దగ్గర ఒంటరిగా చీకటి పడేదాకా కూర్చున్న రోజులు నేను చూశాను. ఒకసారి ఇంత మీద వేసుకోవడం దేనికని అడిగాను. "పెద్దరికం బరువమ్మా," అన్నారు. "బరువు లేకుండా పెద్దరికం ఉందని ఎవడన్నా చెబితే నమ్మకు."

సింహాచలం తల్లి ఆయనకి ఫోన్ చేస్తూనే ఉండేదని నాకు తెలిసింది ఆయన పోయిన రోజునే. నెలకోసారి, పక్కింటి ఫోను నుంచి. కొడుకు కబుర్లే, చిన్నప్పటివి. ఆయన వినేవారట. చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆంటీ ఆ నంబరు నా చేతిలో పెట్టింది.

"నా వల్ల కాదు అమ్మాయ్. ఆవిడకి నువ్వు చెప్పు."

చెప్పాను. అటువైపు కోళ్ళ చప్పుడు వినపడుతోంది. ఏడుస్తుందని ఎదురుచూశాను. ఆవిడ గొంతు సవరించుకుని అడిగింది.

"అమ్మగోరి దగ్గిర ఎవులున్నారు తల్లీ?"

"నేనున్నానమ్మా. వాళ్ళమ్మాయి ఉంది."

"ఒక్కదాన్నీ ఒగ్గీకండి. నానయితే దూరంలో ఉండిపోనాను," అంది.

ఇక్కడి పద్ధతి ప్రకారం ఆయన్ని కింద వాయిడ్ డెక్‌లోనే ఉంచారు. తెల్లగుడ్డ పరిచిన బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, పళ్ళేల్లో వేరుశనక్కాయలు. ఇంటి చుట్టుపక్కల చైనీస్ ముసలమ్మలు, మలయ్ కుటుంబాలు, ఆయన దగ్గర జాగ్రఫీ చదువుకుని ఇప్పుడు జుట్టు నెరిసినవాళ్ళు వచ్చారు. ఏసీ గదికి వెళ్ళినవాళ్ళూ అందరూ వచ్చారు. ప్రసాద్ భార్యాపిల్లలతో వచ్చి కుర్చీలు సర్దుతూ తిరిగాడు. ఆయన కూతురు ఇక్కడే పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడలేదు. నా పక్కన కూర్చుని, "పప్పా ఆల్వేస్ టయర్డ్, యూ నో. బట్ హీ స్టిల్ గో డౌన్, లా," అంది.

రెండో సాయంత్రం, షిఫ్టు దిగే వేళకు, పనివాళ్ళ లారీ వచ్చి ఆగింది. వాన మొదలైంది. కుర్రాళ్ళు వెనకనుంచి ఒక్కొక్కరే దూకారు. బురద బూట్లు బయటే విడిచి, తడి సాక్సులతో పెట్టె దగ్గరికి వచ్చారు. వాళ్ళలో ఒకడు వంగి ఆయనకి తన పేరూ, తండ్రి పేరూ, ఊరూ చెప్పాడు. అది చూసి వెనకవాడు కూడా చెప్పాడు. అలా అందరూ చెప్పారు. కొందరి గొంతు వినపడలేదు. ఎక్కువసేపు ఉండడానికి లేదు, డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

నేను స్తంభం దగ్గర నిలబడి వాళ్ళు ఎక్కడం చూశాను. లారీకి పైకప్పు లేదు. ఎవరో నీలం టార్పాలిన్ విప్పితే, అంచుల్లో కూర్చున్నవాళ్ళు తలా ఒక కొస పట్టుకుని చేతులు పైకెత్తారు. గాలికి అది ఉబ్బి లేచిపోతోంది, వాళ్ళు వదల్లేదు. మధ్యలో కూర్చున్నవాళ్ళు మాత్రం తడవకుండా ఉన్నారు. లారీ కదిలి, మలుపు తిరిగి, వాళ్ళ బసల వైపు వెళ్ళే రోడ్డెక్కింది. దీపాల వెలుగులో వాన సన్నగా కనిపిస్తోంది. లారీ కనుమరుగయ్యేదాకా ఆ చేతులు దిగలేదు.